రాజమండలంలో జనపదం

ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో సి. రాజామోహన్ కాలమ్ పేరు ‘రాజ మండల’. పేరులోనే చిన్న శ్లేష ఉంది. రచయిత పేరులోని రాజా ఒకటి, కౌటిల్యుడి అర్థశాస్త్రంలోని రాజమండలం ఇంకొకటి. సరిహద్దు పంచుకునేవాడు సహజంగా శత్రువు, వాడికి అవతల ఉన్నవాడు మనకి మిత్రుడు, ఆ మిత్రుడికి అవతలివాడు మళ్ళీ శత్రువుకి మిత్రుడు. ఇలా వలయాల మీద వలయాలు, మధ్యలో గెలవాలని చూసే రాజు, విజిగీషువు. విదేశీ వ్యవహారాల కాలమ్‌కి ఇంతకంటే సరిపోయే పేరు దొరకడం కష్టం.

ఆ కాలమ్ ఏళ్ళ తరబడి చదువుతూ వచ్చాను. ఈమధ్య ఆయన పుస్తకాల్లో నాలుగు వరసపెట్టి చదివాను. క్రాసింగ్ ది రూబికన్ (2003), ఇంపాజిబుల్ ఎలైస్ (2006), సముద్ర మంథన్ (2012), మోదీస్ వరల్డ్ (2015). కథలూ కాదు, కవితలూ కాదు, సాహిత్య పత్రికలో వీటి గొడవ ఎందుకని అడిగేవాళ్ళు ఉంటారు. భారతదేశం ప్రపంచంలో తన చోటు గురించి ఎలా మాట్లాడుకోవాలో నేర్పిన కొద్దిమంది వ్యాసకర్తల్లో ఈయన ఒకరు, పైగా తెలుగువాడు. అలాంటి వచనాన్ని వచనంగానే చదవాలి. వాక్యానికి కర్త ఎవరు, ఎవరితో మాట్లాడుతోంది, ఎవరు దాంట్లో కనపడరు? కథ గురించి అడిగే ప్రశ్నలే ఇవి. ఇక్కడ అడక్కూడదనేం లేదు.

ముందు మనిషి గురించి నాలుగు ముక్కలు. పూర్తి పేరు చిలంకూరి రాజామోహన్. ఆంధ్రా యూనివర్సిటీలో అణు భౌతికశాస్త్రం ఎం.ఎస్సీ. చేసి, ఢిల్లీ వెళ్ళి జె.ఎన్.యు.లో అంతర్జాతీయ సంబంధాల్లో పిహెచ్.డి. చేశారు. ది హిందూలో స్ట్రాటజిక్ అఫైర్స్ ఎడిటర్. తర్వాత జె.ఎన్.యు.లోనే దక్షిణాసియా అధ్యయనాల ప్రొఫెసర్. మళ్ళీ పత్రిక, ఈసారి ఇండియన్ ఎక్స్‌ప్రెస్. మళ్ళీ యూనివర్సిటీ, సింగపూర్‌లో రాజరత్నం స్కూల్. మధ్యలో 2009-10లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కిసింజర్ పేరు మీద ఉన్న పీఠం. 2016లో ఢిల్లీలో కార్నెగీ ఇండియా మొదలైనప్పుడు దానికి తొలి డైరెక్టర్. 2018 నుంచి కొన్నేళ్ళు సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలోని దక్షిణాసియా సంస్థకి డైరెక్టర్. మా ఐటీ వాళ్ళ రెజ్యూమే ఇలా ఉంటే హెచ్.ఆర్. వాళ్ళు ‘జాబ్ హాపర్’ అని పక్కన పెట్టేస్తారు. కానీ జాగ్రత్తగా చూస్తే ఈయన ఉద్యోగాలు మారారు గానీ పని మారలేదు. న్యూస్‌రూమ్‌లో ఉన్నా, క్లాస్‌రూమ్‌లో ఉన్నా చేసింది ఒక్కటే, ఢిల్లీకి పాఠం చెప్పడం.

‘పత్రికల నుంచి యూనివర్సిటీకి వెళ్ళారు’ అన్న మామూలు మాట ఆయన విషయంలో సగమే నిజం. యూనివర్సిటీ ఆయన వచనంలోకి మొదట్నుంచీ వస్తూనే ఉంది, పత్రిక దాన్ని వదిలి వెళ్ళనూ లేదు. క్రాసింగ్ ది రూబికన్ చదివితే ఇది తెలుస్తుంది. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలు, ఆ తర్వాత జస్వంత్ సింగ్, స్ట్రోబ్ టాల్బాట్‌ల మధ్య నెలల తరబడి నడిచిన చర్చలు, 2000లో క్లింటన్ రాక. వీటిని రాసేటప్పుడు ఆ రోజు ఏ గదిలో ఏ మాట ఎటు మొగ్గిందో పట్టుకునే విలేకరి చూపు ఉంటుంది. ఆ వెంటనే ప్రొఫెసర్ వచ్చి, చూశారా, ఇది ఒక పెద్ద మార్పులో భాగం అని బోర్డు మీద గీత గీస్తాడు. సోషలిజం నుంచి పెట్టుబడిదారీ ఆధునికతకి, రాజకీయాల నుంచి ఆర్థికానికి, మూడో ప్రపంచ నాయకత్వం నుంచి సొంత ప్రయోజనానికి, పడమటి దేశాల మీద అనుమానం నుంచి వాళ్ళతో చెలిమికి, ఆదర్శం నుంచి ఆచరణకి. పుస్తకం మొత్తం ఈ గీతల మీద నిలబడుతుంది. ఒక పత్రికా రచయిత పన్నెండేళ్ళ వార్తల గుట్టలోంచి ఇంత శుభ్రమైన బొమ్మ తియ్యడం చిన్న విషయం కాదు. ఇరవై ఏళ్ళు దాటిన తర్వాత కూడా ఈ పుస్తకం పాతబడలేదంటే కారణం అదే. వాదన మీకు నచ్చకపోయినా సరే, మీరు ఒప్పుకోని విషయం ఏమిటో స్పష్టంగా చెప్పేవాడు దొరకడం మంచిదే కదా.

ఇక్కడ తెలుగువాళ్ళ కోణం ఒకటి చెప్పాలి. చీరాలలో పుట్టిన కోటంరాజు రామారావు 1938లో లక్నోలో మొదలైన నేషనల్ హెరాల్డ్‌కి మొదటి ఎడిటర్. అది నెహ్రూ పత్రిక. 1946 నుంచి మూడు దశాబ్దాలు ఆ కుర్చీలో కూర్చున్నది ఇంకో తెలుగువాడు, ఎం. చలపతిరావు. నెహ్రూ విదేశాంగ విధానానికి, అలీనతకి, ఆసియా దేశాల సంఘీభావానికి ఇంగ్లీషులో గొంతు ఇచ్చిన సంపాదకీయాలు ఆ బల్ల మీద రాసినవే. అదే విధానానికి వీడ్కోలు రాసింది కూడా తెలుగువాడే కావడం నాకు తమాషాగా అనిపిస్తుంది. అలీనత అయిపోయింది, దాని మీద బెంగ పెట్టుకోవద్దు అని రాజామోహన్ చెప్పినంత ఓపిగ్గా, చెప్పినన్నిసార్లు ఇంకెవరూ చెప్పలేదు. వీళ్ళు ముగ్గురూ తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాశారా అన్న ప్రశ్న నాకు అక్కర్లేదు. ముగ్గురి వచనంలోనూ ‘మనం’ అంటే దేశం, దేశం అంటే రాజధాని. చలపతిరావు దగ్గర ఆ రాజధానికి ఒక నైతిక బరువు ఉంటుంది. రాజామోహన్ దగ్గర అది తగ్గి, లెక్క పెరిగింది.

సంజయ బారు ప్రయాణం ఇంకో దిక్కున సాగింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ పాఠాలు చెప్పి, పత్రికల్లోకి వచ్చి, 2004 నుంచి 2008 దాకా ప్రధానికి మీడియా సలహాదారు అయి, ఆ తర్వాత సింగపూర్‌లో మళ్ళీ పాఠాలు. బారు వచనంలో గాసిప్ ఉంటుంది, మనుషులు ఉంటారు, ఎవరు ఎవరి మీద అలిగారో ఉంటుంది. రాజామోహన్‌కి ఆ సరదా లేదు. మంచిదే. కానీ మనుషులు లేకపోవడం వేరే చోట్ల కూడా కనపడుతుంది. దాని దగ్గరికి వస్తాను.

ఇంపాజిబుల్ ఎలైస్ గురించి ఎక్కువ చెప్పను. 2005 జులై 18న బుష్, మన్మోహన్ సింగ్ ప్రకటించిన అణు ఒప్పందం ఎలా పుట్టింది, ఎక్కడెక్కడ ఆగింది, 2006 మార్చిలో 22 రియాక్టర్లలో 14ని అంతర్జాతీయ తనిఖీ కిందికి తెస్తామనే దాకా ఎలా వచ్చింది అన్న కథ. భౌతికశాస్త్రం చదివిన మనిషి కాబట్టి సివిల్ రియాక్టర్, మిలిటరీ రియాక్టర్ అన్న తేడా దగ్గర తడబడడు. మిగతా కాలమిస్టుల్లో చాలామంది అక్కడ గాలి మాటలతో సరిపెట్టారు. కానీ ఇదే పుస్తకంలో నాకు ఇబ్బందిగా ఉన్నదీ చెప్పాలి. ఆ రోజుల్లో ఆయన జాతీయ భద్రతా సలహా మండలిలో సభ్యుడు. దాపరికం ఏమీ లేదు, ఆయన పరిచయంలో ఎప్పుడూ ఉన్న విషయమే. అయితే సలహా ఇచ్చే మనిషీ, వార్త రాసే మనిషీ, పాఠం చెప్పే మనిషీ ఒక్కరే అయినప్పుడు వచనానికి ఏమవుతుంది? ఒప్పందాన్ని వ్యతిరేకించినవాళ్ళు, అటు కమ్యూనిస్టులూ, ఇటు అణు శాస్త్రవేత్తల్లో కొందరూ, ఈ పుస్తకంలో వాదన ఉన్న మనుషుల్లా కాకుండా దారిలో పడున్న రాళ్ళలా అనిపిస్తారు. వాళ్ళు తప్పే అనుకుందాం. తప్పు వాదించేవాడికి కూడా మంచి వాదన రాసిపెట్టడం టీచర్ పని. క్లాసులో అయితే ఆయన అలాగే చేసుంటారని నా నమ్మకం. పుస్తకంలో చెయ్యలేదు.

సరే, వాక్యం దగ్గరికి వద్దాం. రాజామోహన్ కాలమ్ ఏదైనా తీసుకుని కర్తల కింద గీతలు గీయండి. నేను గీశాను, ఆఫీసులో బిల్డ్ నడుస్తున్నప్పుడు చేసే పనికిమాలిన పనుల్లో ఇదొకటి. ఢిల్లీ, బీజింగ్, వాషింగ్టన్, మాస్కో, ఇస్లామాబాద్. ఊళ్ళ పేర్లు, కానీ ఊళ్ళు కాదు. ఢిల్లీ గుర్తించాలి, ఢిల్లీ వదులుకోవాలి, ఢిల్లీ అందిపుచ్చుకోవాలి. క్రియలు ఎక్కువగా విధ్యర్థకంలో ఉంటాయి. వాక్యం పొట్టిగా, తేటగా, వెనక్కి తిరిగి చూడకుండా నడుస్తుంది. చదువుతుంటే మనం కూడా సౌత్ బ్లాక్‌లో ఒక కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది. పాఠకుడికి అధికారంలో ఉన్నవాడి చూపు అరువివ్వడం ఈ వచనం ప్రత్యేకత. ఇంగ్లీషులో ఈ పద్ధతి కొత్తది కాదు, దౌత్య వ్యాసాలన్నీ ఇలాగే నడుస్తాయి. కానీ ఈయన చేతిలో అది బాగా పదునెక్కింది.

దీన్ని తెలుగులోకి మార్చి చూడండి, ఎక్కడ కుదరదో తెలుస్తుంది. మన వాడుకలో ‘ఢిల్లీ’ కర్త కాదు, అది మనం వెళ్ళే చోటు, అర్జీ పెట్టుకునే చోటు. ‘ఢిల్లీ దాకా వెళ్ళొచ్చారు’ అంటాం. ‘ఢిల్లీ అనుకుంటోంది’ అన్నది పత్రికల్లో తప్ప మన నోట రాదు. ‘స్ట్రాటజిక్’ అన్న మాటకి మనం పెట్టుకున్న ‘వ్యూహాత్మక’ కూడా అంతే. ఆ మాట వినగానే నాకు పద్మవ్యూహం గుర్తొస్తుంది, లోపలికి వెళ్ళి బయటికి రాలేని కుర్రాడు గుర్తొస్తాడు. రాజామోహన్ వాక్యాల్లో అభిమన్యుడు లేడు, వ్యూహం మాత్రమే ఉంది.

మాది పర్చూరు వైపు నల్లరేగడి. పత్తి, మిరప, పొగాకు. ఈ పుస్తకాలు చదువుతున్నంతసేపూ నాకు వచ్చిన ఆలోచన ఇది: ఈ మైదానంలో విదేశీ వ్యవహారం కానిది ఏముంది? మిరపకాయ మన దేశపుది కాదు, అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. పొగాకు కూడా అక్కణ్ణించే, పేరే వర్జీనియా. గుంటూరు యార్డులో తేజ రకం ధర ఎలా ఉంటుందో చెప్పాలంటే చైనా వాళ్ళు కొంటున్నారా లేదా చూడాలి. చీమకుర్తి నల్లరాయి దిమ్మెలుగా ఓడెక్కి అదే చైనాకి పోతుంది. కొత్తపట్నం, చినగంజాం వైపు రొయ్యల చెరువులు అమెరికా కేసి చూస్తుంటాయి. ఇళ్ళల్లో పిల్లలు ఎక్కడున్నారో చెప్పక్కర్లేదు.

క్రాసింగ్ ది రూబికన్‌కి మొదలు సోవియట్ యూనియన్ కూలిపోవడం. రాజామోహన్ దాన్ని ఢిల్లీకి ఎదురైన మేధో సంకటంగా రాస్తారు. పాత మిత్రుడు లేడు, పాత సిద్ధాంతం లేదు, ఇప్పుడేం చెయ్యాలి అని. నిజమే. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కూడా 1991 వచ్చింది, కానీ సిద్ధాంతంలా రాలేదు. మన వర్జీనియా పొగాకుని పెద్ద ఎత్తున కొంటున్నది రష్యా వాళ్ళే. రూపాయల్లో వ్యాపారం, ప్రభుత్వాల మధ్య ఒప్పందాలు. ఆ దేశమే లేకుండా పోయేసరికి బేళ్ళు మిగిలిపోయాయి. మా నాన్న తరం వాళ్ళు ప్రచ్ఛన్నయుద్ధం అన్న మాట వాడి ఉండరు, ‘రష్యా వాడు కొనడం మానేశాడు’ అనేవాళ్ళు. ఆ ఒక్క వాక్యంలో కర్త ఎవరో చూడండి. రాజధాని కాదు, రాజ్యం కూడా కాదు, కొనే మనిషి. రెండు వాక్యాలూ ఒకే సంఘటన గురించి. నాకు రెండూ ఒకే పుస్తకంలో కావాలి.

ఇది అన్యాయమైన కోరిక అని రాజామోహన్ అభిమానులు అనొచ్చు. ఆయన రాసింది పొగాకు చరిత్ర కాదు, విదేశాంగ విధానం. సినిమాలో వంట చూపించలేదని గొడవపడటంలా ఉంది నీ వరస అని. పైగా ఆయన ఆర్థికాన్ని వదిలేశారా? లేదు. వ్యాపారానికి తలుపులు తెరవాలని, ఇరుగుపొరుగుతో సరిహద్దు వాణిజ్యం పెరగాలని ఎప్పట్నుంచో రాస్తున్నారు. రాష్ట్రాల పాత్ర కూడా గుర్తించారు. ఇవన్నీ ఒప్పుకుంటాను. నా అభ్యంతరం ఆయన ఎంచుకున్న చట్రం లోపల్నుంచే. కాలమ్‌కి పేరు పెట్టుకున్నది కౌటిల్యుడి నుంచి కదా. అర్థశాస్త్రంలో మండలం ఒక్కటే లేదు. మండలంలో ఉన్న ప్రతి రాజ్యానికీ ఏడు అంగాలు: స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు. మిత్రుడు ఏడోవాడు. జనపదం మూడోది, కోటకన్నా, ఖజానాకన్నా, సైన్యంకన్నా ముందు. ముందున్న అంగానికి వచ్చే నష్టం తర్వాతి అంగానికి వచ్చే నష్టం కన్నా పెద్దదని కూడా కౌటిల్యుడు అంటాడు. రాజామోహన్ పుస్తకాల్లో స్వామి ఉన్నాడు, అమాత్యులు దండిగా ఉన్నారు, దండం ఉంది, మిత్రుడి కోసం వెతుకులాట అయితే పేజీ పేజీకీ ఉంది. జనపదం దగ్గరికి వచ్చేసరికి అది ‘గ్రోత్’ అన్న మాటగానో, ‘డొమెస్టిక్ పాలిటిక్స్’ అన్న అడ్డంకిగానో మారుతుంది. పండించేవాడు, కొనేవాడు, ఓడెక్కేవాడు కనపడడు. వాస్తవవాదం అని మనం పిలుచుకునే ఆలోచన తన సొంత మూలగ్రంథం కన్నా తక్కువ వాస్తవంగా ఉండటం నాకు అసలు సమస్య.

సముద్ర మంథన్ దగ్గర ఇది ఇంకా బాగా కనపడుతుంది. నా లెక్కలో ఆయన పుస్తకాల్లో చదవడానికి బాగుండేది ఇదే. హిందూ మహాసముద్రం నుంచి పసిఫిక్ దాకా భారత, చైనా నౌకాదళాలు ఒకదాని దారిలోకి ఒకటి ఎలా వస్తున్నాయో చెప్తుంది. ‘ఇండో-పసిఫిక్’ అన్న మాట ఇంకా అందరి నోళ్ళలో నానని రోజుల్లో ఆ రెండు సముద్రాల్నీ ఒకటిగా చూడమని చెప్పిన పుస్తకం. చైనా వాడికి మలక్కా జలసంధి మీద ఎందుకంత దిగులో, మనకి వాడి రేవుల మీద ఎందుకంత అనుమానమో రెండు వైపుల నుంచీ చెప్తారు. ఇంపాజిబుల్ ఎలైస్‌లో లోపించిన న్యాయబుద్ధి ఇక్కడ ఉంది. ఎదుటివాడి భయాన్ని కూడా అర్థం చేసుకుని రాసిన పుస్తకం ఇది. సింగపూర్‌లో పాఠాలు చెప్పిన రోజుల ప్రభావం అనుకుంటాను. అక్కణ్ణించి చూస్తే ఢిల్లీ, బీజింగ్ రెండూ దూరంగానే కనపడతాయి.

పేరు మాత్రం పురాణం నుంచి. పోతన భాగవతం అష్టమ స్కంధం చదివినవాడికి ఈ పేరు వినగానే ఒక ప్రశ్న వస్తుంది. దేవతలు ఒక పక్క, రాక్షసులు ఒక పక్క, మధ్యలో మందరం, తాడుగా వాసుకి. అమృతం కన్నా ముందు పుట్టింది హాలాహలం. దాన్ని మింగడానికి చిలికేవాళ్ళలో ఎవరూ ముందుకి రాలేదు. చిలకడంలో వాటా లేనివాడు, అమృతంలో వాటా అడగనివాడు, వచ్చి మింగాడు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఈ కథ చెప్పేటప్పుడు ఎక్కువసేపు ఆగేది అక్కడే. రాజామోహన్ ఈ కథలోంచి చిలకడాన్ని తీసుకున్నారు. విషం ఎవరి గొంతులో పడింది అన్నది ఆయన పుస్తకం ప్రశ్న కాదు.

ఆ ప్రశ్న 2025లో మా వైపు వచ్చింది. అమెరికాతో దగ్గరితనం భారత్‌కి మేలన్నది రాజామోహన్ రెండు దశాబ్దాలుగా చెప్తున్న వాదన, దాంట్లో బలం ఉంది, మా ఇళ్ళల్లో సగం మంది జీవితమే దానికి సాక్ష్యం. ఆ ఏడాది ట్రంప్ మన సరుకు మీద మొదట 25 శాతం, రష్యా చమురు కొంటున్నందుకు ఇంకో 25 శాతం సుంకం వేశాడు. రెండోది ఆగస్టు 27 నుంచి అమల్లోకి వచ్చింది. దానికి వారం ముందు, ఆగస్టు 19 నుంచి, మన ప్రభుత్వం పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని తీసేసింది. మొదట సెప్టెంబరు నెలాఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. బట్టల మిల్లులకి ఊరట అని కారణం చెప్పారు. అమెరికా పత్తి రైతుకి ఇది సంతోషకరమైన వార్త అన్నది అందరికీ తెలుసు. అక్టోబరు నుంచి డిసెంబరు అంటే నల్లరేగడిలో పత్తి తీసే రోజులు. ఆ ఏడాది పొడుగు పింజకి మద్దతు ధర 8,110 రూపాయలు కాగితం మీద ఉండేది, కానీ తేమ ఎక్కువుందని సీసీఐ కేంద్రంలో తిప్పి పంపితే రైతు వెళ్ళేది జిన్నింగ్ మిల్లు దగ్గరికే. అక్కడ వాడు బయట దేశం సరుకు ధర చూపించి బేరం ఆడతాడు.

ఈ సంఘటనని రాజమండల భాషలో చెప్పొచ్చు: పెద్ద మిత్రుడు అలిగినప్పుడు ఢిల్లీ చిన్న రాయితీతో సర్దుబాటు చేసింది. వాక్యం తప్పు కాదు. దౌత్యంలో రాయితీ ఇవ్వడమూ తప్పు కాదు, ఇవ్వాల్సిన రోజులు ఉంటాయి. ఆ రాయితీ ఎవరి జేబులోంచి తీసి ఇచ్చారు అన్నది కూడా విదేశాంగ విధానమే అని నా వాదన. అదే ఏడాది ఫిబ్రవరిలో గుంటూరులో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయల ధర కట్టి మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. ఎగుమతులు మందగించడం దానికి ఒక కారణం. చైనాతో మన సంబంధాల మీద ఎన్ని కాలమ్‌లు చదివాను! గల్వాన్, క్వాడ్, సరిహద్దు గస్తీ. చైనా మన టిక్కీలకి పెద్ద బేరగాడని, ఎదురెదురుగా సైన్యాలు నిలబడ్డ రోజుల్లో కూడా ఆ బేరం ఆగలేదని వాటిలో చదివి తెలుసుకున్నవాణ్ణి కాదు. యార్డులో కమీషన్ ఏజెంట్‌ని అడిగితే చెప్తాడు. శత్రువు అనే మాటకి మండల సిద్ధాంతంలో ఉన్న అర్థం ఆ ఏజెంట్ దగ్గర నిలవదు.

మోదీస్ వరల్డ్ గురించి రెండు మాటలు చాలు. కాలమ్‌ల కూర్పు. ఏ వారానికి ఆ వారం చదివినప్పుడు చురుగ్గా ఉన్నవి, ఒకచోట చేరేసరికి ఒకే అడుగు పదేపదే వేస్తున్నట్టు ఉంటాయి. కొత్త ప్రధాని ప్రతి ప్రయాణంలోనూ ఒక పెద్ద అవకాశం కనపడుతుంది. విలేకరిలో ఉండే అనుమానం ఇక్కడ సన్నబడింది. క్రాసింగ్ ది రూబికన్ రాసిన మనిషి ఇంత తొందరగా మెచ్చుకునేవాడు కాడు.

ఆయన పనిలో నాకు బాగా నచ్చేది చెప్పకుండా ఆపితే పక్షపాతం అవుతుంది. ఆయన జ్ఞాపకం పొడుగు. 1947తో దేశం మొదలైనట్టు రాయరు. కర్జన్ 1909లో రాసిన దాన్ని, రెండు ప్రపంచ యుద్ధాల్లో పరాయి నేలల మీద పోరాడిన మన సిపాయిల్ని మళ్ళీ చర్చలోకి తెచ్చినవాళ్ళలో ఆయన ముందుంటారు. వలస పాలనలో జరిగింది కాబట్టి అది మన చరిత్ర కాదని పక్కన పెట్టే అలవాటుని వదిలించుకోమంటారు. ఆ మాట నేను ఒప్పుకుంటాను. ఒప్పుకుని, ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం కిందికి వెళ్ళమంటాను. చీరాల దాటి కాస్త దక్షిణంగా పోతే మోటుపల్లి ఉంది, మొన్నటిదాకా ప్రకాశం, ఇప్పుడు బాపట్ల జిల్లా. అక్కడ 1244లో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకి కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా ఇంతకుముందు రాజులు లాగేసుకునేవాళ్ళు, మేము అలా చెయ్యం, ప్రాణాలు తెగించి వచ్చే వర్తకుల దగ్గర న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని ఆ శాసనం సారాంశం. ముప్ఫైకి ఒకటి సుంకం. తర్వాత కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు, పోకలు, ఒక్కోదానికీ లెక్క.

అప్పటికి ఈ నేలకి మిరపకాయే తెలీదు. కానీ ఆ రాతి మీద ఉన్నది విదేశాంగ విధానమే. రాజు ఉన్నాడు, కీర్తి మీద ఆయనకున్న కోరికా ఉంది, ఖజానా ఉంది. వాటితో పాటు ఓడ పగిలి సరుకు పోగొట్టుకున్న మనిషి కూడా ఉన్నాడు, పేరు లేకపోయినా వాక్యంలో ఉన్నాడు. ఏడు అంగాల్లో ఎన్ని ఒకే స్తంభం మీద పట్టాయో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. సముద్రం మీద అంత బాగా రాసిన రాజామోహన్ మలక్కా జలసంధి నుంచి ఒకసారి ఈ ఒడ్డుకి వచ్చి ఒక అధ్యాయం రాస్తే చదవాలని ఉంది. ఆయన కాకపోతే, నాగార్జున యూనివర్సిటీలోనో ఒంగోలులోనో పొలిటికల్ సైన్స్ చెప్పే ఎవరైనా సరే, తెలుగులో రాయొచ్చు. పొగాకు బోర్డు గుంటూరులోనే ఉంది, మిర్చి యార్డు పక్కనే ఉంది, చీమకుర్తి క్వారీలకి బస్సు ఉంది.

మొదటిసారి చదివేవాళ్ళు సముద్ర మంథన్‌తో మొదలుపెట్టండి. తర్వాత క్రాసింగ్ ది రూబికన్, పెన్సిల్ పట్టుకుని. మోదీస్ వరల్డ్ వదిలేసినా నష్టం లేదు, దానికన్నా కాలమ్ ఏ వారానికి ఆ వారం చదువుకోవడం నయం.